గ్లో ప్లగ్ మర పోయిన హెడ్‌కి ఇత్తడి బుష్: నాలుగేళ్లు వాడాక

నా మోడల్ విమానం 46 సైజు (0.46 ఘనపుటంగుళాల) ఇంజిన్‌లో, ఫ్యూయల్‌ని మండించే గ్లో ప్లగ్ బిగిసే మర (థ్రెడ్) పోతే, హెడ్‌కి ఇత్తడి బుష్ (లోపలా బయటా మర ఉన్న చిన్న గొట్టం) వేయించాను. అది వేయించి ఈ వేసవికి నాలుగేళ్లు నిండాయి. నా లెక్క ప్రకారం ఈ నాలుగేళ్లలో నలభై లీటర్ల దాకా ఫ్యూయల్ తాగింది. ప్లగ్ పాతికసార్లయినా మార్చి ఉంటాను. ఇన్నాళ్లు వాడాక ధైర్యంగా చెప్పగలను: సరిగ్గా వేసిన బుష్ కంపెనీ మర కన్నా గట్టిది. ఆ "సరిగ్గా" అన్న మాటలోనే అసలు పనంతా ఉంది.

మర ఎలా పోయిందో ముందు చెప్తాను. ఒక ఆదివారం, ఇంజిన్ ఇంకా కాలుతుండగానే కంగారుగా ప్లగ్ మార్చాను. సగం చుట్టు తిరగ్గానే బిగుసుకుంది. ఫ్యూయల్‌లో కలిపే ఆముదం మాడి పట్టి ఉంటుందిలే అనుకుని పానా వేసి తిప్పాను. ఒక్కసారిగా వదులైపోయింది. ఆ వదులు చేతికి తెలిసిన క్షణం ఇప్పటికీ గుర్తుంది. తిప్పుతూనే ఉన్నా ప్లగ్ ఎక్కడా పట్టదు. బయటికి తీస్తే దాని మరల మధ్య వెండి వెంట్రుకల్లా అల్యూమినియం పొట్టు చుట్టుకుని ఉంది.

గ్లో ప్లగ్ మర కొలత పావు అంగుళం, అంగుళానికి 32 చుట్లు. అంటే 6.35 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకీ చుట్టుకీ మధ్య 0.8 మిల్లీమీటర్ కూడా లేదు. హెడ్‌లో అది పట్టేది మహా అయితే అయిదారు చుట్లు. ఉక్కు ప్లగ్, మెత్తటి అల్యూమినియం. వంకరగా ఒక్కసారి దిగితే చాలు, మొత్తం కోసుకుపోతుంది.

మొదట ఎపాక్సీ పెట్టి ప్లగ్‌ని అంటించాను. ఆ పని ఎవరూ చేయొద్దు. వేడి ఒకవైపు, ఫ్యూయల్‌లోని మెథనాల్ ఒకవైపు, మూడో ఫ్లయిట్‌కే వదిలేసింది. కొత్త హెడ్ కొందామంటే నాది పాత మోడల్, ఎక్కడా దొరకలేదు. మీ ఇంజిన్‌కి హెడ్ ఇంకా దొరుకుతుంటే ఇదంతా చదవక్కర్లేదు, కొనేసుకోండి. హెలీకాయిల్ (పోయిన మర స్థానంలో దించే స్ప్రింగు లాంటి తీగ చుట్ట) గురించీ అడిగాను. ఈ కొలతలో కాయిల్, దానికి సరిపడే టాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) రెండూ మా దగ్గర దొరకలేదు. రంధ్రం పెద్దది చేసి టర్బో ప్లగ్ అనే ఇంకో రకం గ్లో ప్లగ్ పెట్టుకోమని ఒక మిత్రుడు అన్నాడు. దాని మర 8 మిల్లీమీటర్లు, 0.75 పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం). కానీ టర్బో ప్లగ్ వాషర్ మీద కాదు, శంకువులా కోసిన సీటు మీద కూర్చుంటుంది. ఆ సీటు కచ్చితంగా కోయడం బుష్ వేయడం కన్నా కష్టం.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి హెడ్ పట్టుకెళ్లాను. అక్కడి టర్నర్ వయసులో పెద్దాయన. హెడ్ చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసి, "డ్రిల్లు చేత్తో పట్టుకుని చేసే పని కాదు బాబూ ఇది. సెంటర్ పోతే ఆ ప్లగ్ మరి కుదరదు" అన్నారు. ఆ మాటతోనే నాకు టెన్షన్ సగం తగ్గింది.

బుష్ బయటి మర 10 మిల్లీమీటర్లు, 1 పిచ్ పెట్టమన్నది ఆయనే. చాలా 100 సీసీ బైకుల స్పార్క్ ప్లగ్ మర అదే కాబట్టి ఆ టాప్ ప్రతి షాపులోనూ ఉంటుంది. నేను మాత్రం 8 మిల్లీమీటర్లు చాలనుకుంటూ వెళ్లాను. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. 8 మర లోతు తీసేస్తే లోపలి మరకీ బయటి మరకీ మధ్య గోడ అర మిల్లీమీటర్ కూడా మిగలదు. 10 అయితే 1.2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

ఇత్తడి ఎందుకంటే, వేడికి అది ఉక్కు కన్నా ఎక్కువ సాగుతుంది, ఇంచుమించు అల్యూమినియంతో పాటు. అయినా అల్యూమినియం ఇంకొంచెం ఎక్కువే సాగుతుంది కాబట్టి వేడి మీద పట్టు కాస్త సడలుతుంది. ఈ సంగతి తర్వాత నా మీదికే వచ్చింది.

పని చేసిన పద్ధతి చూడముచ్చటగా ఉంది. ముందు లేత్ చక్‌లో (ముక్కని పట్టి తిప్పే భాగం) గుండ్రటి అల్యూమినియం దిమ్మ పట్టి, హెడ్ కింది అంచు బిగుతుగా కూర్చునేలా గుంట తీశారు. హెడ్‌ని దాని స్క్రూ రంధ్రాలతోనే ఆ దిమ్మకి బిగించారు. ఇక హెడ్ ఎటూ పక్కకి పోదు. తర్వాత 7, 8, 9 అని మెట్లు మెట్లుగా డ్రిల్ చేశారు. ఒకేసారి 9 పెడితే మెత్తటి లోహంలో బిట్టు పట్టేసి లాగేస్తుందట. టాప్‌ని టెయిల్‌స్టాక్ (లేత్‌లో చక్‌కి ఎదురుగా ఉండే భాగం) ఆనించి, చక్‌ని చేత్తో తిప్పుతూ, మధ్యమధ్య కిరోసిన్ చుక్కలు వేస్తూ దించారు. చేతి వంకర పడే అవకాశమే లేదు.

బుష్‌కి పైన 1.5 మిల్లీమీటర్ల మందం కాలర్ (వెడల్పు అంచు) పెట్టారు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కాలర్‌ని హెడ్ పైన అలాగే కూర్చోబెడితే ప్లగ్ అంత పైకి లేస్తుంది, ప్లగ్ లోపలి తీగ గుంటలోకి పోతుంది, మంట సరిగ్గా అందుకోదు. అందుకే హెడ్ పైన అంతే లోతు కోసి, కాలర్ పైభాగం పాత సీటుకి సమంగా వచ్చేలా కూర్చోబెట్టారు. కింద బుష్‌ని అర మిల్లీమీటర్ ఎక్కువ ఉంచి, బిగించాక దహన గది గోడకి సమంగా చెక్కేశారు. వేలు పెట్టి తడిమితే అతుకు తగల్లేదు.

లోపలి మరకి 60 డిగ్రీల యూఎన్ఈఎఫ్ (అంగుళాల కొలతలో సన్న మర రకం) టాప్ వాడారు. ఆవిరి ఇంజిన్ మోడళ్లు చేసేవాళ్ల దగ్గర పావు, 32 అని రాసి ఉన్న ఇంకో టాప్ ఉంటుంది. దాని కోణం 55 డిగ్రీలు, పొరపాటున అది వాడకండి. మా టర్నర్ దగ్గర 60 డిగ్రీలది లేదు, నేనే తెప్పించి ఇచ్చాను. టాప్ కాక మజూరీ, ఇత్తడి కలిపి అయిదు వందలు తీసుకున్నారు.

ఏడాదిన్నర ఏ బాధా లేదు. తర్వాత ఒకరోజు ప్లగ్ విప్పుతుంటే బుష్ కూడా దానితో పాటే తిరిగి బయటికొచ్చింది. నేను చెప్పిన సడలింపు ఇదే. తప్పు నాదే. బిగించేటప్పుడు రెండు మరలకీ ఉన్న నూనె పూర్తిగా తుడవలేదు, పైగా మామూలు థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పూసే జిగురు) వాడాను. రెండోసారి అసిటోన్‌తో బాగా కడిగి, వేడి తట్టుకునే లాక్‌టైట్ 620 జిగురు పెట్టి, ఒక రోజంతా కదపకుండా వదిలేశాను. అది 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కాలర్ అంచున మూడు చోట్ల సెంటర్ పంచ్‌తో కొట్టి హెడ్ లోహాన్ని దాని మీదికి తోశాను కూడా. ఆ తర్వాత రెండున్నరేళ్లుగా అణువంత కదల్లేదు.

లీకు చూడటానికి నేను చేసేది ఒకటే. ప్లగ్ చుట్టూ, కాలర్ చుట్టూ ఒక నూనె చుక్క వేసి, ప్లగ్‌కి కరెంటు ఇవ్వకుండా, ప్రొపెల్లర్‌ని కంప్రెషన్ మీదికి మెల్లగా తిప్పుతాను. బుడగ వస్తే లీకు. ప్లగ్ దగ్గర వస్తే తరచూ రాగి వాషర్ గట్టిపడిపోయి ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. నాకైతే కాలర్ దగ్గర ఇప్పటిదాకా బుడగ రాలేదు. ఐడిలింగ్ కూడా మునుపటిలాగే నిలకడగా ఉంది.

మారింది నా చెయ్యి. ఇంజిన్ చల్లారాకే ప్లగ్ ముట్టుకుంటాను. ముందు వెనక్కి తిప్పుతాను, మర మొదలు దగ్గర చిన్నగా కింద పడ్డట్టు తెలుస్తుంది, అప్పుడు ముందుకి. చివరిదాకా వేళ్లతోనే. పానాతో పావు చుట్టు, అంతే.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లకి మాత్రం ఇది వేయించమని చెప్పను. అక్కడ ప్లగ్ ఏటవాలుగా, వాల్వుల పక్కనే ఉంటుంది, 10 మిల్లీమీటర్ల బుష్‌కి చోటు ఉండదు. కాక్స్ 049 లాంటి బుల్లి ఇంజిన్లలో ప్లగ్, హెడ్ ఒకటే ముక్క, దాన్ని మార్చుకోవడమే.