ఆఫ్ వైట్ అంటే తెలుపే కదా అనుకుంటున్నారా? రంగు కొనేముందు ఇది చదవండి

ఇంటికి రంగులు వేయించబోతున్నవాళ్లు, అందులోనూ "ఎందుకొచ్చిన గొడవ, ఆఫ్ వైట్ వేసేద్దాం" అనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. పెయింటు, పుట్టీ, కూలీ అన్నీ కలిపి 38 వేలు పోశాను. ఇప్పుడు నా హాల్లో నాకే కూర్చోబుద్ధి కావడం లేదు.

మాది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. సంక్రాంతి లోపు పని అయిపోవాలని తొందర. షాపులో షేడ్ కార్డు తిరగేస్తే తెలుపులాంటి రంగులే రెండు పేజీలున్నాయి. మూడింటిని పక్కన పెట్టాను. ఒకటి కాస్త పసుపు, వెన్న రంగు. ఒకటి బూడిద కలిసిన గంజిలా ఉంది. మూడోది ఈ రెంటికీ మధ్యలో, అసలు ఏ రంగూ లేనట్టు శుభ్రంగా కనిపించింది. అగ్గిపెట్టె అంత ముక్క. దాన్ని అరగంట అటూ ఇటూ తిప్పుతుంటే మేస్త్రీకి విసుగొచ్చింది. "ఏది వేసినా గోడ మీద తెలుపేనమ్మా, తేడా మీకు తప్ప ఎవరికీ తెలీదు" అన్నాడు. సరే, మూడోదే కానిమ్మన్నాను.

రెండో కోటు ఆరిన రోజు మధ్యాహ్నం మా అత్తయ్యగారు హాల్లోకి వచ్చి, గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "ఏమ్మా, చెమ్మ ఎక్కిందా?" అన్నారు. అప్పటిదాకా నా కళ్లకే అలా ఉందేమో అని సర్దిచెప్పుకుంటున్నాను. నిజంగానే గోడంతా లేత పాచి పట్టినట్టుంది.

కారణం బాల్కనీలో ఉంది. పావురాలకీ ఎండకీ అడ్డుగా కట్టిన ఆకుపచ్చ నెట్. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా హాల్లోకి వచ్చే వెలుతురంతా దాంట్లోంచే వస్తుంది. నేను ఎంచుకున్న రంగులో అడుగున ఆకుపచ్చ ఛాయ ఉందట. రెండూ కలిశాయి. రాత్రి ట్యూబ్‌లైటు వేస్తే పాచి పోయి ఆసుపత్రి వరండా వస్తుంది. ఫాల్స్ సీలింగ్‌లో పసుపు లైట్లు వేస్తేనే, ఆ రెండు గంటలు, షాపులో చూసిన రంగులాంటిది ఏదో కనిపిస్తుంది.

మా నాన్న పండక్కి సున్నం వేసేటప్పుడు బకెట్లో చిటికెడు నీలిమందు కలిపేవాడు. సరిగ్గా పడితే గోడ మల్లెపువ్వులా ఉండేది, చెయ్యి జారితే నీలంగా తేలేది. ఆఫ్ వైట్ కూడా అచ్చంగా అదే లెక్క. తెల్లటి బేస్ డబ్బాలో మెషీను కొన్ని చుక్కల పసుపో, నలుపో, ఎరుపో, ఆకుపచ్చో వదులుతుంది. చిన్న ముక్క మీద ఆ చుక్కలు కంటికి ఆనవు. నాలుగు గోడలకూ వేశాక ఒక గోడ వెలుతురు ఇంకో గోడ మీద పడుతూ, దాగి ఉన్న ఛాయ చిక్కబడుతుంది. ముదురు రంగులో కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోతుంది. ఇలాంటి రంగులతోనే చిక్కు.

షాపులోనే దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటుందని తర్వాత తెలిసింది. షేడ్ ముక్కని తెల్ల జిరాక్స్ కాగితం మీద పెట్టి చూడాలి. విడిగా తెల్లగా కనిపించేది కాగితం పక్కన పెట్టగానే గులాబీయో, పసుపో, ఆకుపచ్చో బయటపెట్టుకుంటుంది. నేను ఇంటికొచ్చి చేసి చూశాను. రెండు సెకన్లు పట్టలేదు తెలియడానికి. ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను. కొన్ని కంపెనీల కార్డుల్లో ఎల్‌ఆర్‌వీ అని 0 నుంచి 100 లోపు అంకె ఒకటి వేస్తారు. అది ఆ రంగు ఎంత వెలుతురు తిప్పి కొడుతుందో చెబుతుంది గానీ, అడుగున ఏ ఛాయ ఉందో చెప్పదు. దాన్ని చూసి మురిసిపోకండి.

ఇంతవరకూ తప్పు నాదే. ఇక షాపువాడి సంగతి.

20 లీటర్ల బకెట్ చాలక నాలుగేసి లీటర్ల డబ్బాలు మరో రెండు తెప్పించాను. టీవీ వెనక గోడకి ఒక డబ్బా రంగు పట్టింది. ఆరాక చూస్తే ఆ గోడ ఒక్కటీ వేరుగా ఉంది, కాస్త నిగనిగలాడుతూ, కాస్త తెల్లగా. ఫోన్ చేస్తే "అదే కోడ్ మేడం, కంప్యూటర్ కలిపింది, తేడా ఎలా వస్తుంది?" అని నన్నే అడిగాడు. ఖాళీ బకెట్లు మెట్ల కింద ఉంటే వెళ్లి మూతలు చూశాను. మెషీను అంటించిన స్టిక్కర్ ఉంటుంది కదా, దాని మీద కోడ్ ఒకటే. కానీ పెయింటు రకం వేరు. పెద్ద బకెట్ మ్యాట్, అంటే మెరుపు లేనిది. చిన్న డబ్బా షీన్, అంటే కాస్త మెరిసేది. మెరుపు మారితే అదే రంగు వేరేలా కనిపిస్తుంది, పైగా రకం మారితే బేస్ మారుతుంది, కలిపే లెక్కా మారుతుంది. ఫోటో పంపితే "మ్యాట్ స్టాక్ లేదు, మేస్త్రీకి చెప్పాం" అన్నాడు. మేస్త్రీ "నాకేం చెప్పలేదమ్మా" అంటాడు. ఎవరిని నమ్మను? మూత కూడా తీయని రెండో డబ్బానీ వెనక్కి తీసుకోలేదు. రంగు కలిపాక ఎవరూ తీసుకోరట. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, నేనే చదవలేదు.

అందుకని డబ్బా ఇంటికి రాగానే, మూత తీయకముందే, స్టిక్కర్ మీద కోడ్, రకం, బేస్ మూడూ మీరే చూడండి. ఫోటో తీసి పెట్టుకోండి. ఒక గదికి కావలసిందంతా ఒకేసారి కలిపించండి. డబ్బాలు ఎన్ని ఉన్నా పెద్ద డ్రమ్ములో పోసి కలిపాకే రోలర్ ముంచమనండి. మేస్త్రీ గొణుగుతాడు, గొణగనివ్వండి. మధ్యలో చాలకపోతే గోడ సగంలో కొత్త డబ్బా మొదలుపెట్టనివ్వకండి, మూల దాకా వచ్చి ఆగాలి. ఇంకోమాట, వేరే కంపెనీ షేడ్‌ని "మా కంపెనీలో మ్యాచ్ చేసిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. షాపు లైటు కింద కవల పిల్లల్లా ఉన్న రెండు రంగులు ఇంటి వెలుతురులో విడిపోవచ్చు. పెయింటు బకెట్లలో మేస్త్రీలకి డబ్బుగా మార్చుకునే టోకెన్లు వస్తాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. అందరూ టోకెన్ కోసమే చెబుతారని కాదు, ఫలానాదే మంచిదని గట్టిగా పట్టుబడితే మాత్రం ఎందుకని అడగండి.

వేసవి సెలవుల్లో హాలు వరకూ మళ్లీ వేయిస్తున్నాం. ఈసారి ముందే తక్కువ పరిమాణంలో రంగులు కొని, డ్రాయింగ్ షీట్ల మీద రెండేసి కోట్లు వేశాను. పాత గోడ మీదే వేసి చూస్తే చుట్టూ ఉన్న రంగు కన్నుని మోసం చేస్తుందని, ప్రతి షీటుకీ చుట్టూ తెల్ల అంచు వదిలాను. ఒకటి కిటికీ పక్కన, ఒకటి సోఫా వెనక, ఒకటి టైల్స్‌కి ఆనించి. టైల్స్ మార్చలేం కాబట్టి గోడే వాటికి నప్పాలి. బాల్కనీ నెట్ తీసేసి తెల్లది కట్టించాం. ట్యూబ్‌లైటు 6500 కెల్విన్‌ది, అంటే కాస్త నీలం కలిసిన తెల్లటి వెలుతురు. దాన్ని కాస్త పసుపువైపుండే 4000కి మార్చాకే రాత్రిపూట రంగు చూస్తున్నాం.

అత్తయ్యగారు కాఫీ గ్లాసు పట్టుకుని రోజూ పొద్దునా సాయంత్రం షీట్ల ముందు ఒక రౌండు వేస్తారు. "ఇది గంజి, ఇది విరిగిన పాలు, ఇది జున్ను." నాలుగు రోజులుగా జున్ను దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నారు.