సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ కొంటున్నారా? టైరు తేదీ, ట్రక్ డోర్ స్టిక్కర్ చూడకుండా సంతకం పెట్టొద్దు

డాలస్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ల (ట్రక్ వెనక తగిలించి లాక్కెళ్ళే, లోపల ఉండగలిగే చక్రాల ఇళ్ళు) కోసం వెతుకుతున్న మనవాళ్ళు ఈ మధ్య చాలామంది కనిపిస్తున్నారు. డబ్బు కట్టేముందు ఒకసారి ఇది చదవండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి డీలర్ పేరు రాయడం లేదు.

అట్లాంటా పక్కన కమింగ్ అనే ఊళ్ళో ఉండే మా బావగారికి మోకాలి మార్పిడి ఆపరేషన్. ఇంట్లో చిన్నపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అక్క అత్తమామలు, ఉన్నదేమో టౌన్‌హోమ్. మేం నలుగురం వెళ్ళి వాళ్ళ మీద పడితే సాయం సంగతి దేవుడెరుగు, మాకే అక్క వండిపెట్టాలి. అందుకే ట్రైలర్ కొని, దాంట్లో ఉంటూ అక్కకి చేదోడుగా ఉందామనుకున్నాం. ట్రక్ ఎలాగూ ఉంది.

డీలర్ దగ్గర సేల్స్ అతను చెప్పింది ఇదీ: "మీ ట్రక్ 10,000 పౌండ్లు లాగుతుంది. ఈ ట్రైలర్ 5,500 పౌండ్లే. నిశ్చింతగా తీసుకెళ్ళండి."

రెండు అంకెలూ నిజమే. మోసం అంతా అతను చెప్పకుండా వదిలేసిన అంకెల్లో ఉంది. 5,500 అనేది ఖాళీ ట్రైలర్ బరువు. బ్రోషర్‌లో వేసే ఆ బరువులో సాధారణంగా బ్యాటరీ ఉండదు, నీళ్ళు ఉండవు, మన బియ్యం బస్తా అసలే ఉండదు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే నీళ్ళే 330 పౌండ్ల పైన. ట్రైలర్‌కి అతికించిన స్టిక్కర్ మీద గరిష్ఠ బరువు 7,000 అని ఉంది. లెక్క వేయాల్సింది దాంతో.

ఇక ట్రక్ సంగతి. డ్రైవర్ డోర్ తెరిస్తే పసుపూ తెలుపూ స్టిక్కర్ ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని. మాది 1,480 పౌండ్లు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ని ట్రక్‌కి తగిలించే కొక్కెం) మీద, అంటే ట్రక్ వెనకభాగం మీద పడుతుంది. 7,000లో 13 శాతం అనుకుంటే 910. బరువు పంచే హిచ్ సామాను ఇంకో 90. మిగిలింది 480. నలుగురం ఎక్కి కూర్చుంటేనే అది దాటిపోతుంది, ఇంకా కూలర్లూ సూట్‌కేసులూ ఎక్కడ పెట్టాలి? "10,000 లాగుతుంది" అన్న మాట ఇక్కడ ఎందుకూ కొరగాదు. మామూలు సైజు ట్రక్కుల్లో చాలావాటికి లాగే శక్తి కంటే ముందు ఈ మోసే శక్తి అయిపోతుంది. అది సేల్స్ వాళ్ళకి తెలియక కాదు.

అంతకన్నా ఘోరం టైర్లు. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూ, గాడులు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. ట్రైలర్ ఏడాదిలో ఎక్కువ కాలం కదలకుండా ఎండలో నిలబడి ఉంటుంది కాబట్టి టైరు అరగదు, లోపల రబ్బరు మాత్రం పాతబడిపోతుంది. అక్క వాళ్ళింటికి వెళ్తుంటే ఐ-20 హైవే మీద లూసియానాలో, మన్రో దాటాక కుడివైపు టైరు పేలింది. టైరు నుంచి ఊడిన రబ్బరు పట్టీ చక్రం పైనున్న కప్పుని చీల్చి, అడుగున వైర్లు తెంపి, సింక్ నీళ్ళ పైపు విరగ్గొట్టింది. పక్కనుంచి పెద్ద లారీలు పోతుంటే ట్రైలర్ మొత్తం ఊగుతోంది, పిల్లల్ని గడ్డిలోకి దూరంగా నిలబెట్టాం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కారు ఇన్సూరెన్స్‌తో వచ్చిన రోడ్‌సైడ్ సర్వీస్‌కి ఫోన్ చేస్తే ట్రక్‌కయితే వస్తాం, ట్రైలర్‌కి రాము అన్నారు. మీ పాలసీలో ట్రైలర్ ఉందో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

చివరికి వచ్చిన మెకానిక్ కిందకి దూరి, టైరు లోపలివైపు గోడ చూపించాడు. డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని. మావి అన్నీ ఆ కాలానివే. అరుగుదలతో సంబంధం లేకుండా ట్రైలర్ టైర్లు ఐదారేళ్ళకి మార్చాలంటారు. పూర్తి కోడ్ టైరుకి ఒకవైపే ఉంటుంది, తేదీ ఉన్న వైపు లోపలికి తిప్పి బిగిస్తే బయట నిలబడి ఎంత చూసినా కనపడదు. ఫోన్ టార్చ్ వేసుకుని కిందకి దూరి చూడండి, స్పేర్ టైరుతో సహా. డీలర్ తొందరపెడితే ఆ ట్రైలర్ వదిలేయండి. స్పీడ్ రేటింగ్ కూడా చదవండి: పాత ట్రైలర్ టైర్లు చాలావరకు 65 మైళ్ళ వేగానికే చేసినవి, టెక్సస్‌లో ఐ-20 మీద కొన్నిచోట్ల 75 బోర్డు ఉందని దాన్ని అందుకోబోవద్దు.

డీలర్‌కి ఫోన్ చేస్తే "యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టుగా) అమ్మాం, కాగితం చూసుకోండి" అన్నాడు. వేల డాలర్లు పోసి తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ వాళ్ళు టైర్లు అరిగే వస్తువుల కింద వస్తాయనీ, వాటివల్ల జరిగిన నష్టం కూడా తమకి సంబంధం లేదనీ తేల్చేశారు. నన్నడిగితే ఆ వారంటీ డబ్బు పెట్టి ముందే కొత్త టైర్లు వేయించుకుని, సొంతంగా ఒక ఆర్‌వీ (ఇలాంటి ఇంటి బళ్ళు) ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోవడం మేలు. గోడలు ఎక్కడైనా మెత్తగా, ఉబ్బినట్టు ఉంటే లోపల నీళ్ళు దిగాయని అర్థం, బేరమే వద్దు. ట్రైలర్ కంపెనీ, మోడల్, సంవత్సరం కొట్టి రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచినవి) ఉన్నాయేమో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (రోడ్డు భద్రత చూసే ఫెడరల్ సంస్థ) సైట్‌లో ఉచితంగానే చూసుకోవచ్చు. కొన్నాక సామాను సర్ది, ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద ఒకసారి తూకం వేయించండి.

బంధువుల ఇంటి ముందు పెట్టుకుందాం అనుకునేవాళ్ళకి ఇంకోమాట: చాలా హెచ్‌ఓఏలు (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘాలు) ఆర్‌వీని డ్రైవ్‌వేలో ఉండనివ్వవు. మేం లేక్ లేనియర్ దగ్గర క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. ఆర్మీ కోర్ (సైన్యం ఇంజినీర్ల విభాగం) నడిపే క్యాంప్‌గ్రౌండ్లలో మామూలుగా 30 రోజుల్లో 14 రోజులే ఉండనిస్తారు, ఫిజియోథెరపీ అయ్యేదాకా ఉండాలంటే ప్రైవేటువి వెతుక్కోవాలి.

టెక్సస్ డీఎంవీలో ఫిర్యాదు పెట్టాను. టైర్ల ఫొటోలు, సేల్స్ అతని మెసేజీలు జతచేశాను. బేరం మాటలు ఫోన్లో కాకుండా మెసేజ్‌లో నడపండి, రేపు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఎవరైనా ట్రైలర్ చూసి వచ్చి ఉంటే ట్రక్ డోర్ స్టిక్కర్, ట్రైలర్ స్టిక్కర్ ఫొటోలు కింద పెట్టండి, లెక్క నేను వేసి చెప్తాను.