విండోస్ పీసీలో ఏళ్ల తరబడి నిలిచిన ఉచిత టూల్స్: వాడకం, చిక్కులు

విండోస్ వేసిన వెంటనే ఎక్కించాల్సింది ఏదని అడిగితే నా జవాబు ఎవ్రీథింగ్ అనే ఫైళ్లు వెతికే టూల్. పేరులో మూడక్షరాలు కొట్టేసరికే ఫైలు కళ్ల ముందుంటుంది. ఇది ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా తిరగదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డ్రైవ్‌లకు మామూలుగా వాడే ఫార్మాట్) డ్రైవ్‌లో ఫైళ్లన్నిటి చిట్టా అయిన మాస్టర్ ఫైల్ టేబుల్‌ను నేరుగా చదివేస్తుంది. తర్వాత వచ్చే మార్పుల్ని డ్రైవ్ రాసుకునే మార్పుల చిట్టా యూఎస్‌ఎన్ జర్నల్ నుంచి పట్టుకుంటుంది. పది లక్షల ఫైళ్లున్నా తీసుకునే ర్యామ్ సుమారు 75 ఎంబీ.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎవ్రీథింగ్ సర్వీస్ ఆప్షన్‌కు టిక్ పెట్టండి. లేకపోతే తెరిచిన ప్రతిసారీ అడ్మిన్ పర్మిషన్ అడిగి విసిగిస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్‌లోని పెన్‌డ్రైవ్‌లు, నెట్‌వర్క్ ఫోల్డర్లు వాటంతటవి ఇండెక్స్‌లోకి రావు. ఆప్షన్స్‌లో ఇండెక్సెస్ కింద ఫోల్డర్స్‌లో చేర్చుకోవాలి. ‘ఫైలు ఉంది కానీ దొరకట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. నిన్న సేవ్ చేసిన ఫైలు పేరు మర్చిపోయారా? సెర్చ్ బాక్సులో ఇంగ్లీషు అక్షరాల్లో డీఎం, కోలన్, యెస్టర్‌డే అని కొట్టండి, నిన్న మారిన ఫైళ్లన్నీ వరసగా వస్తాయి. ఫైలు లోపలి మాటల్ని వెతికే సదుపాయమూ ఉంది కానీ, మామూలు సెట్టింగ్స్‌లో దానికి ఇండెక్స్ ఉండదు, ప్రతి ఫైలూ తెరిచి చూస్తుంది. ముందు ఫోల్డర్, ఎక్స్‌టెన్షన్ ఇచ్చి వల చిన్నది చేసుకోకపోతే నత్తనడకే.

సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రబడితే, ఏ ఫైలు ఎంత చోటు తింటోందో చూపే విజ్‌ట్రీ. ఇదీ ఆ మాస్టర్ ఫైల్ టేబుల్‌నే చదువుతుంది కాబట్టి డ్రైవ్ మొత్తం సెకన్లలో లెక్క తేలుస్తుంది. వ్యక్తిగత వాడకానికే ఉచితం, ఆఫీసుకు లైసెన్సు కొనాలి. అందులో పెద్ద ఫైలు కనిపించింది కదా అని డిలీట్ కొట్టకూడదు. హైబర్నేషన్ (పని ఉన్నదున్నట్టు డిస్క్‌లో దాచి పీసీని ఆపడం) కోసం ఉండే హైబర్‌ఫిల్ అనే ఫైలు కొన్ని జీబీలు తింటూ కనిపిస్తుంది. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో హైబర్నేషన్ ఆపితే అదే పోతుంది, దాంతోపాటు పీసీని త్వరగా ఆన్ చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. విండోస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్ సబ్‌ఫోల్డర్ జోలికి అస్సలు పోవద్దు, తర్వాత ప్రోగ్రాములు అన్‌ఇన్‌స్టాల్ కావు, అప్‌డేట్ కావు. విండోస్ తన సిస్టమ్ ఫైళ్లు దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించేంత పెద్దది కాదు. అందులో చాలా ఫైళ్లు హార్డ్ లింకులు, ఒకే ఫైలు రెండు చోట్ల లెక్కకొస్తుంది. దాన్ని డిస్క్ క్లీనప్ లాంటి విండోస్ సొంత టూల్స్‌తోనే తగ్గించాలి.

కాపీ చేసినవి దాచుకోవడానికి విండోస్‌లోనే విన్ (విండోస్ కీ) ప్లస్ వీ ఉంది. కానీ అందులో నిలిచేవి 25, పిన్ చేయనివి రీస్టార్ట్‌తో మాయం. ఇదే పని చేసే డిట్టో అనే టూల్ అయితే మిగుల్చుకుంటుంది, అందులో వెతకొచ్చు కూడా. కంట్రోల్ పట్టి బ్యాక్‌టిక్ (ట్యాబ్ పైనున్న కీ) నొక్కితే జాబితా వస్తుంది. షిఫ్ట్ ఎంటర్‌తో రంగులూ ఫాంటులూ లేకుండా ఉత్త టెక్స్ట్ పడుతుంది. వెబ్ పేజీల నుంచి వర్డ్‌లోకి ఎత్తిపోసేవాళ్లకు ఈ ఒక్కటీ చాలు. అయితే కాపీ చేసిన పాస్‌వర్డులూ దాని డేటాబేస్‌లో ఉండిపోతాయి, కాబట్టి ఆ ఎంట్రీల్ని వెంటనే తీసేయండి. అడ్మిన్‌గా తెరిచిన విండోలోకి పేస్ట్ కావట్లేదంటే డిట్టో పాడైనట్టు కాదు: మామూలు హక్కులున్న ప్రోగ్రాం అడ్మిన్ విండోకు కీలు పంపడాన్ని విండోస్ ఒప్పుకోదు.

పవర్‌టాయ్స్ అనే చిన్న టూల్స్ మూట మైక్రోసాఫ్ట్‌దే. మొత్తం ఆన్ చేసుకుంటే షార్ట్‌కట్లు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. రెండుమూడు ఉంచి మిగతావి ఆపేయండి. విండోను పైనే నిలిపే విన్ కంట్రోల్ టీ, వందల ఫైళ్లకు పేర్లు మార్చే పవర్‌రీనేమ్ నాకు చాలు. అందులోని కీబోర్డ్ మేనేజర్‌లో మార్చిన కీలు లాగిన్ స్క్రీన్ మీద పనిచేయవు, పాస్‌వర్డులో వాడే కీ ముట్టుకోకండి.

ఫైళ్లను కుదించి ఒక్కటిగా కట్టే సెవెన్‌జిప్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పని చేస్తుంది అంతే. జిప్‌కు పాస్‌వర్డు పెట్టేటప్పుడు పాత, బలహీనమైన జిప్‌క్రిప్టో పద్ధతి బదులు ఏఈఎస్-256 ఎంచుకోండి. ఫైళ్ల పేర్లు కూడా దాచాలంటే సెవెన్‌జిప్ సొంత ఫార్మాట్ 7జెడ్ తప్పదు. తనంతట తాను అప్‌డేట్ కాకపోవడమే దీని లోపం. ఇంటర్నెట్ నుంచి దించిన ఫైలుకు విండోస్ వేసే హెచ్చరిక గుర్తును తప్పించే భద్రతా లోపాన్ని 2024లో 24.09 వెర్షన్‌లో సరిచేశారు. మీది ఏ వెర్షనో హెల్ప్ మెనూలోని అబౌట్‌లో చూసుకుని, అంతకంటే పాతదైతే అధికారిక సైటు నుంచి కొత్తది తెచ్చి పైనే ఇన్‌స్టాల్ చేయండి.