క్యూసీ ల్యాబ్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్: చేతికి ఏం వస్తుంది?

తీర్పు ముందే చెప్పేస్తాం. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, జడ్చర్ల, అటు పరవాడ, పైడిభీమవరం. ఎక్కడి మందుల ఫ్యాక్టరీ అయినా సరే, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఏడాది పాటు చేసే అప్రెంటిస్‌షిప్‌లో చేరవచ్చు. షరతు ఒక్కటే. నాలుగో నెలకల్లా హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద మీ పేరుతో లాగిన్ రావాలి. అది రాలేదంటే మిగిలిన ఎనిమిది నెలలూ గాజుసామాను కడగడంతో, శాంపిల్ రిజిస్టర్ నింపడంతో గడిచిపోతాయి. ఏడాది చివర ఇచ్చే సర్టిఫికెట్ చూస్తే మాత్రం ఎవరు ఏం చేశారో తెలియదు.

ఇందులోకి రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి డిగ్రీ చేతికొచ్చాక కేంద్రం నడిపే అప్రెంటిస్ పోర్టల్ నాట్స్‌లో నమోదై, 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరడం. 2019 సవరణ నిబంధనల్లో డిగ్రీవాళ్లకు నెలకు కనీస స్టైపెండ్ 9,000 రూపాయలుగా పెట్టారు. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. ఏడాది తిరిగాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన కంపెనీకి లేదు. ఇంటర్వ్యూలో 'చూద్దాంలే అమ్మా' అంటే దాని అర్థం అదే. రెండో దారి ఎంఫార్మసీ విద్యార్థులది: మూడు, నాలుగు సెమిస్టర్ల ప్రాజెక్టును కంపెనీలో చేయడం. వీళ్లకు పని బాగానే దొరుకుతుంది, చిక్కంతా థీసిస్ దగ్గర వస్తుంది. మందు పేరు, క్రోమటోగ్రామ్ (హెచ్‌పీఎల్‌సీ గీసే గ్రాఫ్), బ్యాచ్ నంబర్ ఏదీ బయటికి పంపరు. ఏయే డేటాను కోడ్ పేరుతో వాడుకోవచ్చో చేరిన వారంలోనే కంపెనీ గైడ్‌తో రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. పదో నెలలో అడిగితే లీగల్ వాళ్ల దగ్గర ఫైలు ఆగిపోతుంది, సబ్మిషన్ తేదీ మాత్రం ఆగదు.

మొదటి నెల విసుగ్గానే ఉంటుంది. ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతులు) చదవడం, చదివినట్టు సంతకం పెట్టడం, ఫ్లాస్కులు కడగడం. ఈ నెల దండగ అనే పిల్లలతో మాకు పేచీ. బ్లాంక్, అంటే మందు కలపని ద్రావణం, గ్రాఫులో ఎక్కడినుంచో ఒక పీక్ (శిఖరం) మొలిచిందంటే ముందు అనుమానించాల్సింది సరిగా కడగని ఫ్లాస్కునే. ఎ-క్లాస్ వాల్యూమెట్రిక్ ఫ్లాస్కును (మెడ మీది గీత వరకు కచ్చితమైన కొలత పట్టేది) వేడి ఓవెన్‌లో ఎందుకు ఆరబెట్టరో, నీటి వంపు అడుగుభాగం గీతకు కంటి ఎత్తులో ఎందుకు తగలాలో ఇక్కడే చేతికి పట్టుబడుతుంది.

రాత పని కూడా అప్పుడే నేర్వాలి. తప్పు పడితే ఒకే ఒక్క గీత కొట్టాలి. కింద అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ. తెల్ల ఇంకు, చిత్తు కాగితం, అరచేతి మీద రాసుకున్న బరువు ఏవీ పనికిరావు. బ్యాలెన్స్ ప్రింటౌట్‌లో 10:42 అని పడి, నోట్‌బుక్‌లో 10:30కే తూచినట్టు రాసి ఉంటే ఆడిటర్ ఇక ఆ పేజీ దాటడు. ఏ పనైనా చేస్తూనే రాయాలన్న నియమం ఆ పన్నెండు నిమిషాల తేడా కోసమే పుట్టింది.

ఇక అసలు సరుకు, హెచ్‌పీఎల్‌సీ. ఏడాదికి వెల కట్టాల్సింది దీన్నిబట్టే. మామూలుగా కనిపించే కాలమ్ (పదార్థాలు విడిపోయే గొట్టం) సీ-18 రకం, 250 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. లోపలి వ్యాసం, 5 మైక్రాన్ల కణం. అందులోంచి పారే ద్రవం ఫ్లో నిమిషానికి 1 మి.లీ. ఆ ద్రవంలో అసిటోనైట్రైల్‌తో కలిపే ఫాస్ఫేట్ బఫర్ 0.05 మోలార్ కావాలంటే పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.8 గ్రాములు లీటరు నీటిలో. పీహెచ్ సరిచేయడం అసిటోనైట్రైల్ కలపకముందే జరగాలి. కలిపాక సరిచేస్తే మీటరు చూపే అంకె నిజం కాదు, రిటెన్షన్ టైమ్ (పీక్ బయటపడే సమయం) రోజుకో చోటికి జరుగుతుంది. తర్వాత 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టి, సోనికేటర్‌లో గాలి తీసేయాలి. కాలమ్ కుదురుకోవడానికి కనీసం అరగంట. అప్పుడు స్టాండర్డ్ (ఎంత మందుందో ముందే తెలిసిన ద్రావణం) ఆరు ఇంజెక్షన్లు. చాలా మెథడ్‌లలో పీక్ ఏరియాల ఆర్‌ఎస్‌డీ (వాటి మధ్య తేడా) 2.0 శాతం, టైలింగ్ (పీక్ తోక సాగడం) 2.0 దాటకూడదు.

పుస్తకంలో దొరకని తప్పు ఒకటి చూడండి. శాంపిల్‌ను మెథనాల్‌లో కరిగించడానికి ఫ్లాస్కును సోనికేటర్‌లో పావుగంట ఉంచుతారు. బయటికి తీసేసరికి గది కన్నా 10 డిగ్రీలు వేడెక్కి ఉంటుంది. తొందరలో అలాగే గీత వరకు మెథనాల్ పోసేస్తారు. చల్లారాక ద్రవం కుంచించుకుపోతుంది. మెథనాల్‌కు డిగ్రీకి సుమారు 0.12 శాతం చొప్పున 10 డిగ్రీలకు 1.2 శాతం. మాత్రలో సరిగ్గా 100 శాతం మందున్నా అస్సే (మందు ఎంతుందో చెప్పే ఫలితం) 101.2 వస్తుంది. అదే పని నీళ్లతో చేస్తే తేడా 0.3 దగ్గరే ఆగుతుంది కాబట్టి ఎవరికీ పట్టదు. స్టాండర్డ్‌ను చల్లార్చి, శాంపిల్‌ను వేడి మీద ముగించిన రోజున ఫలితం ఎందుకు పైకెళ్లిందో తెలియక సెక్షనంతా తల పట్టుకుంటుంది. ఫ్లాస్కు గది వేడికి వచ్చాకే గీత.

ప్రెషర్ గురించి కూడా. నిన్న 1,500 పీఎస్ఐ ఉన్నది ఇవాళ 2,800 చూపిస్తే కాలమ్ విప్పి చూడాలి. విప్పాక ప్రెషర్ పడిపోతే అడ్డం కాలమ్‌లోనే ఉంది. పడిపోకపోతే దానికి ముందున్న గొట్టంలోనో, ఫిల్టర్‌లోనో వెతకాలి. అంకె పైకీ కిందికీ ఊగుతుంటే పంపులో గాలి బుడగ చేరినట్టు. పర్జ్ వాల్వ్ తెరిచి నిమిషానికి 5 మి.లీ. చొప్పున కాసేపు వదలాలి. సాయంత్రం బస్సుకు వేళయిందని బఫర్‌ను అలాగే వదిలి వెళితే తెల్లారేసరికి పంపు హెడ్ చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటుంది, సీల్ అరిగిపోతుంది. అలాగని నేరుగా వంద శాతం అసిటోనైట్రైల్‌తో కడిగితే ఫాస్ఫేట్ కాలమ్ లోపలే గడ్డకడుతుంది. ముందు నీళ్లు, అసిటోనైట్రైల్ 90:10తో అరగంట, తర్వాత 50:50, ఆపైన అసిటోనైట్రైల్ ఎక్కువున్న మిశ్రమంలో ఉంచి రెండు చివరలా మూతలు బిగించాలి.

ఫార్ములేషన్ యూనిట్ (మాత్రలు తయారుచేసేది) అయితే డిసల్యూషన్, అంటే మాత్రలోని మందు ఎంత కరిగిందో చూసే పరీక్ష కూడా దొరుకుతుంది. యూఎస్‌పీ (అమెరికా మందుల ప్రమాణాల గ్రంథం) పారాసెటమాల్ మాత్ర పరీక్షనే తీసుకుంటే పీహెచ్ 5.8 ఫాస్ఫేట్ బఫర్ 900 మి.లీ., ప్యాడిల్ 50 ఆర్‌పీఎం, 37 డిగ్రీలకు అర డిగ్రీ అటూఇటూ, 30 నిమిషాలు. క్యూ, అంటే కరగాల్సిన మందు, 80 శాతం కనుక మొదటి దశలో ఆరు మాత్రలూ ఒక్కొక్కటీ, క్యూకు 5 కలిపి, 85కు తగ్గకూడదు. 30 నిమిషాలకు అనుమతించే తేడా 2 శాతం, అంటే 36 సెకన్లు. ఆరు పాత్రల్లో మాత్రలు ఒకేసారి వేసి, శాంపిల్ ఒకదాని తర్వాత ఒకటి తీయబోతే ఆరోదానికి వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. అందుకే మాత్రలు వేయడంలోనే నిమిషం చొప్పున ఎడం ఇస్తారు. మీడియంలో గాలి మిగిలితే బుడగలు మాత్రకు అంటుకుని కొన్ని పాత్రల్లో ఫలితం పక్కదారి పడుతుంది. వడగట్టిన మొదటి కొన్ని మి.లీ. పారబోయమంటే చాదస్తం అనుకోవద్దు. ఫిల్టర్ కొంత మందును పీల్చుకుంటుంది.

బల్క్ డ్రగ్ యూనిట్‌లో (మాత్రలకు కావాల్సిన మందు పదార్థాన్ని తయారుచేసేచోట) డిసల్యూషన్ ఉండదు. బదులుగా టైట్రేషన్లు, కార్ల్ ఫిషర్ (నీటి శాతం కొలిచే పరీక్ష), రెసిడ్యువల్ సాల్వెంట్లకు, అంటే మందులో మిగిలిపోయిన ద్రావకాలకు, జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ) ఉంటాయి. వానాకాలంలో కార్ల్ ఫిషర్ పాత్ర మూత వదులుగా ఉంటే గాలిలోని తేమే లెక్కలోకి ఎక్కుతుంది. ఫ్యాక్టర్ (ఒక మి.లీ. రీఏజెంట్ ఎంత నీటికి సమానమో) కట్టేటప్పుడు వాడే డైసోడియం టార్ట్రేట్ డైహైడ్రేట్‌లో నీరు 15.66 శాతం. ఆ అంకె గుర్తుపెట్టుకుంటే వైవాలో ఒక ప్రశ్న గట్టెక్కినట్టే. మొత్తం మీద చూస్తే, మొదటి ఉద్యోగం త్వరగా కావాలనుకునేవాళ్లకు మా ఓటు ఫార్ములేషన్‌కే.

ట్రైనీలు అన్నిటికన్నా భయపడేది ఓఓఎస్‌కు, అంటే స్పెసిఫికేషన్ దాటిన ఫలితానికి. అలాంటిది వస్తే ఫ్లాస్కులూ వయల్సూ పారబోయకుండా పక్కన పెట్టి వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. లెక్క, తూకం, డైల్యూషన్, ఇన్‌స్ట్రుమెంట్ ఒక్కొక్కటీ ఆ ద్రావణాలతోనే చూస్తారు. ఫలితం పాస్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ పరీక్షించడం కుదరదని అమెరికా కోర్టు 1993లోనే బార్ ల్యాబొరేటరీస్ కేసులో తేల్చింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద 2006లో ప్రత్యేకంగా గైడెన్స్ ఇచ్చింది. కాబట్టి 'ముందు ఒక ట్రయల్ ఇంజెక్షన్ వేసి చూడు, బాగుంటే సీక్వెన్స్‌లో పెడదాం' అన్న మాట వినబడిన ల్యాబ్‌కు మేం సున్నా మార్కులు వేస్తాం. 'ఇదిగో నా పాస్‌వర్డ్, దీంతో రన్ చెయ్' అన్నచోటా అంతే. ఇంకొకరి లాగిన్‌లో మీరు చేసిన పని రికార్డులో మీది కాదు. ఆడిట్ ట్రెయిల్‌లో (ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ దాచే చిట్టాలో) తేడా వస్తే మాత్రం నలుగురూ మీవైపే చూస్తారు.

మిగతావి క్లుప్తంగా. మూడు షిఫ్టులుంటాయి, రాత్రి షిఫ్టులో నేర్పేవాళ్లు తక్కువ, మెషీన్ ఖాళీ ఎక్కువ. బస్సు ఏ స్టాపులో ఎన్నింటికి ఆగుతుందో, క్యాంటీన్‌కు ఎంత కోస్తారో చేరకముందే కనుక్కోండి. ఊరి నుంచి వచ్చి గది అద్దెకు తీసుకునేవాళ్లకు స్టైపెండ్‌లో చివరికి మిగిలేది దాన్నిబట్టే ఉంటుంది. ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిరిని బయటికి లాగే గూడు) పనిచేస్తోందా అనేది కూడా అడగదగ్గ ప్రశ్నే.

ఇంటర్వ్యూలో వాళ్లు 'ప్రశ్నలేమైనా ఉన్నాయా' అన్నప్పుడు మూడు అడగండి: ఏయే సెక్షన్లకు తిప్పుతారు, అనలిస్ట్ క్వాలిఫికేషన్ (సొంతంగా పరీక్షలు చేయగలరని తేల్చే పరీక్ష) ఎన్నో నెలలో పెడతారు, కిందటి ఏడాది ట్రైనీల్లో ఎంతమంది ఇప్పుడు రోల్స్‌లో, అంటే కంపెనీ ఉద్యోగులుగా, ఉన్నారు. మూడోదానికి అంకె చెప్పలేకపోతే ఆ ల్యాబ్‌ను రెండో వరుసలో పెట్టండి. బయటికి వచ్చేటప్పుడు కంపెనీ కాగితం ఒక్కటీ తెచ్చుకోకూడదు. ఏ ఇన్‌స్ట్రుమెంట్, ఏ మోడల్, ఏ సాఫ్ట్‌వేర్, ఏ పరీక్ష ఎన్నిసార్లు చేశారో, మందుల పేర్లు లేకుండా సొంత పుస్తకంలో ప్రతి శనివారం రాసుకుంటే రెజ్యూమె అందులోంచే తయారవుతుంది.