ట్రకాయ్ కోట: ఒక రాత్రి ఉండి చూడాల్సిన చోటు

మా తమ్ముడు విల్నియస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. వాణ్ణి చూడ్డానికి నేనూ అమ్మా లిథువేనియా వెళ్లినప్పుడు, "ట్రకాయ్ పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చక్కా" అన్నాడు. దూరం 28 కిలోమీటర్లే, రైలూ ఉంది, బస్సూ ఉంది. కానీ స్టేషన్ నుంచి కోటకి చాలా నడవాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అందుకే ఒక రాత్రి అక్కడే ఉన్నాం.

కోట గాల్వె సరస్సులో ఒక దీవి మీద ఉంది. చెక్క వంతెనల మీద నడిచి వెళ్లాలి. 'అదంతా మళ్లీ కట్టిందే, చూడ్డానికేముంది' అని ముందే ఎవరో అన్నారు. నేనది ఒప్పుకోను. 14వ శతాబ్దంలో ట్రకాయ్ ప్రభువు కేస్తుతిస్ మొదలుపెడితే, ఆయన కొడుకు, లిథువేనియా గ్రాండ్ డ్యూక్ వితౌతస్ పూర్తిచేసిన కోట ఇది. 17వ శతాబ్దంలో మాస్కోతో యుద్ధంలో దెబ్బతిని చాలాకాలం శిథిలంగా ఉండిపోయింది. ఎక్కువ భాగాన్ని సోవియట్ కాలంలో మళ్లీ నిలబెట్టారు. గోడ దగ్గర నిలబడి చూడండి. కింద పాత రాయి, పైన కొత్త ఇటుక. పాతది ఎక్కడ ఆగిందో కంటికే తెలుస్తుంది. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది.

1962లో కోటలో మ్యూజియం పెట్టారు. ముందు భాగంలో పింగాణీ, గాజు సామాను, పొగాకు పైపులు ఉన్నాయి. అవి త్వరగా చూసేయొచ్చు. టైమంతా లోపలి రాజభవనానికి ఇవ్వండి. రాజు కావాల్సిన వితౌతస్, కిరీటం చేతికి అందకుండానే 1430లో ట్రకాయ్‌లో చనిపోయాడు. ఆ హాల్లో నిలబడితే ఆ మాటే మనసులో తిరిగింది. మెట్లు మాత్రం ఇరుకు, నిటారు. అమ్మ కింద ప్రాంగణంలోనే కూర్చుండిపోయింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

క్రిమియా నుంచి వితౌతస్ తెచ్చి స్థిరపరచిన కరాయిమ్‌లనే తుర్కిక్ జాతివాళ్ల చెక్క ఇళ్లు ఊళ్లో ఇంకా ఉన్నాయి. వీధి వైపు మూడేసి కిటికీలు: ఒకటి దేవుడికి, ఒకటి ఇంటివాళ్లకి, ఒకటి వితౌతస్‌కి అంటారు. వాళ్ల కిబినాయ్ అచ్చం మన కజ్జికాయ ఆకారమే, లోపల మాంసం కూర. వేడిగా ఉన్నప్పుడే తినాలి. శాకాహారులకి కూరగాయలవీ దొరుకుతాయి.

మేం దిగిన గెస్ట్‌హౌస్ శుభ్రంగా ఉంది కానీ రాత్రి హీటర్ పనిచేయలేదు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. సెప్టెంబర్‌లోనే చలికి వణికాం. గది తీసుకునేటప్పుడే హీటర్ వేసి చూసుకోండి.

అయినా రాత్రి ఉన్నందుకు సంతోషమే. మర్నాడు పొద్దున్నే వంతెన మీద మేమిద్దరమే ఉన్నాం. నీళ్ల మీద పొగమంచు, దాని పైన ఎర్ర బురుజులు. మెట్లు ఎక్కలేకపోయిన అమ్మ, కోటనంతా అక్కణ్ణుంచే తృప్తిగా చూసింది.