యుఎ, ల: ఒకే అక్షరానికి రెండు చదువులు

ప్రాచీన చైనీయ గ్రంథాలలో ఒకే అక్షరాన్ని, నేటి మాండరిన్ ఉచ్చారణ ప్రకారం, ‘యుఎ’ అని చదివితే సంగీతమని, ‘ల’ అని చదివితే ఆనందమని అర్థం. మొదటిది ప్రధానంగా నామవాచకం. హాన్ కాలపు నిఘంటుకర్త షూ షెన్ దానిని ఐదు స్వరాలకు, ఎనిమిది రకాల వాద్యధ్వనులకు సమష్టి నామంగా నిర్వచించాడు. రెండవది విశేషణంగానూ క్రియగానూ నడుస్తుంది.

కన్‌ఫ్యూషియస్ సంభాషణల సంకలనమైన ‘లున్‌యు’ ఆరంభంలో, దూరం నుంచి మిత్రులు రావడం ఆనందమే కదా అన్నచోట ఉన్నది ‘ల’. అదే గ్రంథంలో ఆయన చీ రాజ్యంలో ‘షావో’ అనే ప్రాచీన సంగీతం విని మూడు నెలలు మాంసం రుచి ఎరుగలేదన్న సందర్భంలో మాత్రం ‘యుఎ’ అనే చదవాలి.

సందర్భమే తేల్చే ఇటువంటి చోట్ల చిక్కులేదు. అసలు చిక్కు కన్‌ఫ్యూషియస్ సంప్రదాయపు తత్త్వవేత్త షున్‌జి వాక్యంతో వస్తుంది: ‘సంగీతమంటే ఆనందం’ అనడానికి ఆయన ఆ అక్షరాన్నే రెండుసార్లు రాశాడు. మన శ్లేషలో ధ్వని ఒకటై అర్థాలు వేరవుతాయి. ఇక్కడ లిపి ఒకటై ధ్వని కూడా వేరవుతుంది. తెలుగు అనువాదంలో అర్థం నిలుస్తుంది కాని, కంటికి కనిపించే ఆ ఏకత్వం జారిపోతుంది.