గ్నోమ్ మేలా, ప్లాస్మా మేలా? మీ చేతి అలవాటును బట్టి చూద్దాం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. బాగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌ను మూలన పడేయలేక విండోస్ బదులు వాడుకునే లినక్స్‌కి వస్తున్నవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: గ్నోమ్ పెట్టుకోమంటారా, కేడీఈ ప్లాస్మానా? ఈ రెండూ లినక్స్‌లోని డెస్క్‌టాప్‌లు, అంటే మెనూ, విండోలు, సెట్టింగ్స్ ఎలా కనిపించాలో, ఎలా నడవాలో చూసుకునేవి. స్క్రీన్‌షాట్లు చూసి తేల్చుకోవద్దు. రోజంతా మీ చేతులు కీబోర్డు మీద, మౌస్ మీద ఏం చేస్తుంటాయో గమనించి తేల్చుకోండి.

ప్లాస్మాలో మొదటి రోజు ఇబ్బంది తక్కువ. కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ, కుడివైపు గడియారం ఉంటాయి. పాత అలవాటు దాదాపు అలాగే సాగిపోతుంది. గ్నోమ్ అలా కాదు. 2011లో వచ్చిన గ్నోమ్ 3తో టాస్క్‌బార్ పోయింది, మినిమైజ్ బటన్ కూడా పోయింది. (లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు వాడితే యాప్ గుర్తుల వరుస అయిన డాక్, ఆ బటన్ రెండూ కనిపిస్తాయి, అది ఉబుంటు వాళ్లు చేర్చినది.)

మరి అక్కర్లేని విండోను ఎక్కడ దాచాలి? గ్నోమ్‌లో దాచే పని లేదు, పక్క వర్క్‌స్పేస్‌కి, అంటే పక్కనే ఉండే మరో డెస్క్‌టాప్ తెరకి, పంపేయాలి. షిఫ్ట్, విండోస్ కీ, పేజ్ డౌన్ కలిపి నొక్కితే విండో అటు వెళ్లిపోతుంది. చివర ఎప్పుడూ ఒక ఖాళీ వర్క్‌స్పేస్ సిద్ధంగా ఉంటుంది. మెయిల్ ఒకచోట, రాసే పని ఒకచోట, బ్రౌజర్ ఇంకోచోట పెట్టుకుంటే కళ్ల ముందు ఒక్క పనే ఉంటుంది. ఇది చేతికి అలవాటైతే చిన్న స్క్రీన్ మీద గ్నోమ్ అంత హాయిగా ఇంకేదీ ఉండదని నేను గట్టిగా నమ్ముతాను.

అలవాటు చేసుకోకుండా ఎక్స్‌టెన్షన్లతో (గ్నోమ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములతో) పాత టాస్క్‌బార్‌ను తిరిగి తెచ్చుకుందామనుకుంటే మాత్రం టెన్షన్ తప్పదు. గ్నోమ్ ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ ఇస్తుంది. 2023లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లు లోడయ్యే పద్ధతే మారిపోయింది, పాతవన్నీ సరిచేసుకోవాల్సి వచ్చింది. నాలుగైదు ఎక్స్‌టెన్షన్లు లేనిదే గ్నోమ్‌లో పని జరగదు అనిపిస్తే, మీకు కావాల్సింది ప్లాస్మా.

గ్నోమ్‌లో మొదటి రోజే మార్చుకోవాల్సినది ఆల్ట్+ట్యాబ్. లిబ్రెఆఫీస్ రైటర్‌లో మూడు ఫైళ్లు తెరిచినా అక్కడ ఒకే గుర్తు కనిపిస్తుంది, ఎందుకంటే అది విండోల మధ్య కాదు, యాప్‌ల మధ్య తిరుగుతుంది. సెట్టింగ్స్‌లో కీబోర్డు షార్ట్‌కట్లలోకి వెళ్లి, విండోలు మార్చే షార్ట్‌కట్‌కి ఆల్ట్+ట్యాబ్ ఇస్తే సరిపోతుంది.

ఇక ఒకేసారి మూడు నాలుగు విండోలు ఎదురుగా ఉండాల్సిన పని చూద్దాం. అనువాదమే తీసుకోండి: ఒకవైపు మూలం పీడీఎఫ్, మధ్యలో మీ ఫైలు, పక్కన పదకోశం షీటు. గ్నోమ్‌లో స్క్రీన్‌ను సగానికి సగం పంచడం వరకే తేలిక. ప్లాస్మాలో విండోస్ కీ+టీ నొక్కి స్క్రీన్‌ను మీకు నచ్చిన గళ్లుగా విడగొట్టుకోవచ్చు. తర్వాత షిఫ్ట్ పట్టుకుని విండోను లాగితే గడిలో సరిగ్గా కూర్చుంటుంది. 2023 ఫిబ్రవరిలో ప్లాస్మా 5.27 వెర్షన్‌తో వచ్చిన సౌకర్యం ఇది. కాపీ చేసిన పాత ముక్కల జాబితా విండోస్ కీ+వీతో వస్తుంది. ఫైళ్ల పనికి డాల్ఫిన్ అనే యాప్ ఉంది: ఎఫ్3 నొక్కితే రెండు ఫోల్డర్లు పక్కపక్కన, ఎఫ్4 నొక్కితే కిందే ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్. గ్నోమ్‌లోని ఫైల్స్ యాప్ ఆ రెండు పలకల పద్ధతిని 2012లోనే తీసేసింది. రోజూ వందల ఫైళ్లు అటూ ఇటూ సర్దేవాళ్లకు ఆ లోటు బాగా తెలుస్తుంది.

తెలుగు టైపింగ్‌లో మాత్రం గ్నోమ్‌దే పైచేయి. వేర్వేరు భాషల్లో టైప్ చేయించే ఐబస్ అందులో కలిసిపోయి ఉంటుంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, విండోస్ కీ+స్పేస్‌తో భాష మార్చుకోవడమే. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) వచ్చినవాళ్లకు ప్లాస్మాలోనూ కష్టం లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునేవాళ్లకు పని రెండు చోట్లా కొంచెం పెరుగుతుంది. గ్నోమ్‌లో ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ చాలు. ప్లాస్మాను వేలాండ్ (తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి) మీద నడిపితే, ఐబస్ లాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్5, దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుని, సిస్టమ్ సెట్టింగ్స్‌లోని వర్చువల్ కీబోర్డు పేజీలో దాన్ని ఎంచుకోవాలి. ఈ చివరి మెట్టు తెలియకే చాలామంది ప్లాస్మాలో తెలుగు రాదనుకుని వదిలేస్తున్నారు.

ర్యామ్ 4 జీబీయో అంతకన్నా తక్కువో ఉన్న పాత మెషీనైతే ఈ రెండూ వద్దు, తేలికైన మరో డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోండి.

నన్నడిగితే, విండోస్ నుంచి వచ్చి ఫైళ్లు, షీట్లతో కుస్తీ పట్టేవాళ్లకు ప్లాస్మా. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద రాసుకునేవాళ్లకు, కోడ్ చేసుకునేవాళ్లకు గ్నోమ్. రెండూ ఒకే మెషీన్‌లో పెట్టుకుని లాగిన్ దగ్గర మార్చుకుంటూ చూడొచ్చు. కాకపోతే రెండోదానికి వేరే యూజర్ అకౌంట్ తెరవండి. ఒకే అకౌంట్‌లో రెండూ వాడితే థీమ్‌లు, ఫాంట్లు, డిఫాల్ట్ యాప్‌లు ఒకదానివి ఇంకోదానిలో కలిసిపోతాయి.